మూడో నంబర్ మిస్సింగ్: స్కోప్‌తో పదకొండు రోజులు

2024 నవంబరు 11, సోమవారం సాయంత్రం బండి నా షెడ్డుకి వచ్చింది. నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల కామన్ రైల్ (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ ఒకే హై ప్రెషరు పైపు ఉండే రకం) డీజిల్ పికప్, బీఎస్4, లక్షా 86 వేల కిలోమీటర్లు తిరిగింది. కళింగపట్నం ఒడ్డు నుంచి చేపలు, ఐసు వేసుకుని శ్రీకాకుళం మార్కెట్టుకీ, సీజన్లో విశాఖ దాకానూ వెళ్లే బండి. డ్రైవరు చెప్పిన మాట ఇది: "సల్లగున్నప్పుడు పరవానేదు బాబూ. ఏడెక్కినాక ఆగి ఉంటే సాలు, సీటు కింద గేదె ఒణికినట్టు ఒణుకుతాది. రేసు ఇస్తే మళ్లీ మామూలే."

అప్పటికే రెండు చోట్ల చూపించారు. మొదటి చోట ఎయిర్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు మార్చి, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజిన్లోకి పంపేది) కడిగారు. ఫలితం సున్నా. రెండో చోట స్కానరు (ఇంజిన్ కంప్యూటరులోని లెక్కలు చదివేది) పెట్టి మూడో నంబర్ సిలిండరు వీక్ అని తేల్చి, ₹9,500కి రీకండిషన్ ఇంజెక్టరు ఎక్కించారు. తేడా రాలేదు. ఆ తర్వాత రెండు, మూడు నంబర్ల ఇంజెక్టర్లు ఒకదాని చోట ఒకటి పెట్టి చూశారు. మిస్సింగ్ (సిలిండరు సరిగ్గా మండకపోవడం) మూడులోనే ఉండిపోయింది. "ఇంజెక్టరు కాదంటే కంప్రెషనే, హెడ్ దించాలి" అని ₹38,000 ఎస్టిమేటు రాసిచ్చారు. కంప్రెషన్ అంటే పిస్టన్ గాలిని నొక్కే బలం, హెడ్ అంటే సిలిండర్ల మీది మూత. పిస్టన్ రింగులు పోయి ఉంటే ఆ ఖర్చు వేరే. హెడ్ దించే ముందు ఇంకొకరి చేత చూపిద్దామని ఓనరు ఇటు తెచ్చాడు.

మొదట స్కానరే. ఇంజిన్ 82 డిగ్రీలు, ఐడ్లింగ్ 805 నుంచి 830 మధ్య ఊగుతోంది, ఫాల్ట్ కోడు ఒక్కటీ లేదు. సిలిండర్ కరెక్షన్ విలువలు ఒకటికి మైనస్ 0.9, రెండుకి మైనస్ 1.1, నాలుగుకి మైనస్ 1.2 మిల్లీగ్రాములు. మూడోది మాత్రం ప్లస్ 2 నుంచి ప్లస్ 3.6 దాకా గెంతుతోంది. దీన్ని చూసే చాలామంది ఇంజెక్టరుకి శిక్ష వేసేస్తారు. నిజానికి ఈసీఎం (ఇంజిన్ కంప్యూటరు) చేసేది చిన్న లెక్క. ప్రతి సిలిండరూ కాలిన వెంటనే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఎంత వేగం అందుకుందో చూస్తుంది, వెనకబడ్డ సిలిండరుకి డీజిల్ పెంచుతుంది, మిగతావాటికి తగ్గిస్తుంది. అంటే ఆ అంకె "మూడోది బలహీనం" అని చెబుతుంది, అంతే. ఎందుకు బలహీనమో చెప్పదు. గాలి సరిగ్గా నొక్కకపోయినా, డీజిల్ తక్కువ పడినా, ఇంజెక్టరుకి కరెంటు సరిగ్గా అందకపోయినా అంకె ఒకలాగే ఉంటుంది. ఈ మూడింటి ఖరీదులు మాత్రం ఒకలా ఉండవు.

విలువ నిలకడగా లేకుండా గెంతడం ఆ రాత్రంతా బుర్రలో మెదిలింది. రింగులు అరిగితే, వాల్వు కాలితే ఒక్క ఐదు సెకన్లలో అంకె అంత మారదు.

12వ తేదీ ఉదయం చల్ల ఇంజిన్‌తో మొదలు. రాత్రి బ్యాటరీని చార్జింగులో పెట్టి ఉంచాను. బ్యాటరీ నీరసంగా ఉంటే సెల్ఫ్ (స్టార్టరు మోటారు) పరీక్షలో నాలుగు సిలిండర్ల తేడాలూ కలిసిపోయి కనిపిస్తాయి. నా దగ్గరున్నది రెండు చానెళ్ల స్కోపు (కరెంటు, వోల్టేజి మార్పుల్ని తెర మీద గీతగా చూపేది), 600 ఆంపియర్ల క్లాంపు (తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది). లాప్‌టాప్‌ని చార్జరు తీసేసి బ్యాటరీ మీదే నడపాలి. చార్జరు పెట్టి ఉంటే తెర మీద చీమలు పాకినట్టు నాయిస్ వస్తుంది. మొదటి అరగంట నాకు దాంతోనే పోయింది.

తొలి పరీక్షకి ఎ చానెల్ క్యామ్ (వాల్వులు తెరిచే ఇరుసు) సెన్సారుకి, బి చానెల్ క్రాంకు సెన్సారుకి. తీగల్ని గుచ్చలేదు. కప్లర్ (తీగలు కలిపే ప్లగ్గు) వెనక రబ్బరు సీలు పక్కనుంచి సన్నటి పిన్ను జారవిడిస్తే టెర్మినల్‌కి తగులుతుంది. ఈ క్రాంకు చక్రం 60కి రెండు పళ్లు లేని రకం. 800 ఆర్‌పీఎం దగ్గర పళ్ల ఫ్రీక్వెన్సీ కూడా సరిగ్గా 800 హెర్ట్‌జే వస్తుంది కాబట్టి లెక్క సులువు. సాఫ్ట్‌వేరులో ఫ్రీక్వెన్సీ గ్రాఫు వేస్తే ప్రతి 30 పళ్లకీ ఒక గుట్ట లేవాలి, అంటే 180 డిగ్రీలకి ఒకటి. పళ్లు లేని చోట పడే పెద్ద గీతని పట్టించుకోకూడదు. చల్లగా ఉన్నప్పుడు నాలుగు గుట్టలూ దాదాపు సమానం. 20 నిమిషాలు నడిచి వేడెక్కాక నాలుగింట ఒకటి సగానికి దిగింది, అదీ ప్రతిసారీ కాదు. మూడు సార్లు దిగి, రెండు సార్లు బాగుండి, మళ్లీ దిగడం. డ్రైవరు చెప్పిన గేదె ఇదే.

ఇక కంప్రెషన్. ఈ పరీక్షకి నాజిల్‌గానీ, చల్ల ఇంజిన్‌ని వేడెక్కించే గ్లో ప్లగ్గుగానీ ఊడదీయక్కర్లేదు. ఇంజిన్ స్టార్టు కానివ్వకుండా సెల్ఫ్ కొడితే, పిస్టన్ గాలిని నొక్కే ప్రతిసారీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. స్టార్టరు కేబులుకి క్లాంపు తగిలిస్తే ఒక్కో సిలిండరుకీ ఒక్కో గుట్ట వస్తుంది. ఏ సిలిండరు నొక్కకపోతే అక్కడ గుట్ట కుంగుతుంది. ఏ గుట్ట ఎవరిదో తెలియడం ఎలా అన్నదే అసలు పని.

దానికి ముందు ఇంజిన్ నడుస్తుండగా క్యామ్ సిగ్నల్ ఒక చానెల్లో, ఒకటో ఇంజెక్టరు తీగ మీద అదే పెద్ద క్లాంపు ఇంకో చానెల్లో పెట్టాను. ఈ క్లాంపు ఆంపియరుకి ఒక మిల్లీవోల్టే ఇస్తుంది. 20 ఆంపియర్ల పల్సు నాయిస్ మధ్య చిన్న ముల్లులా ఉంటుంది. ఆకారం తెలియదుగానీ టైము మాత్రం తెలుస్తుంది. 810 ఆర్‌పీఎం దగ్గర క్యామ్ పల్సు అంచు పడ్డ 22 మిల్లీసెకన్లకి ఒకటో నంబర్ ఇంజెక్షన్. ఆర్‌పీఎంని 6తో గుణించి వెయ్యితో భాగిస్తే మిల్లీసెకనుకి ఎన్ని డిగ్రీలో వస్తుంది. ఇక్కడ 4.86. 22 మిల్లీసెకన్లంటే 107 డిగ్రీలు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 220 ఆర్‌పీఎం ఉంటే మిల్లీసెకనుకి 1.32 డిగ్రీలు, కాబట్టి క్యామ్ అంచు నుంచి 81 మిల్లీసెకన్ల దగ్గర ఉన్న గుట్ట ఒకటో నంబర్‌ది. అక్కణ్నుంచి 136 మిల్లీసెకన్లకి ఒకటి చొప్పున మూడు, నాలుగు, రెండు. ఫైరింగ్ ఆర్డరు 1-3-4-2 కదా.

స్టార్టు కాకుండా ఆపడానికి కీ తీసేసి నాలుగు ఇంజెక్టర్ల కప్లర్లూ పీకేశాను. ఇంజిన్ నడుస్తుండగా వీటిని ఎప్పుడూ పీకకూడదు. ఈసీఎం వీటికి 65 నుంచి 80 వోల్టుల దాకా బూస్టు (పెంచిన వోల్టేజి) పంపుతుంది. పీజో రకం (కాయిల్ బదులు స్ఫటికంతో పనిచేసే) ఇంజెక్టరయితే తెరుచుకున్న స్థితిలోనే ఉండిపోయి పిస్టన్ కరిగే ప్రమాదం కూడా ఉంది.

మొదటి రీడింగు తప్పు వచ్చింది. గుట్టలకి అడుగున 50 ఆంపియర్ల పైగా కరెంటు ఎక్కి, మెల్లగా దిగుతోంది. మోటారు మీద అనుమానం వచ్చిందిగానీ, అవి గ్లో ప్లగ్గులు. క్లాంపుని బ్యాటరీ ప్లస్ దగ్గర, అన్ని కేబుళ్లూ కలిసే చోట పెట్టాను కాబట్టి వాటి కరెంటూ కలిసి వచ్చింది. స్టార్టరుకి వెళ్లే లావు కేబులు ఒక్కదానికే మార్చాక శుభ్రంగా వచ్చింది. మొదటి రెండు తిప్పులు వదిలేసి, ఐదు సెకన్ల రికార్డింగులో సగటు గుట్టలు ఇలా ఉన్నాయి: ఒకటి 168, మూడు 166, నాలుగు 170, రెండు 171 ఆంపియర్లు. తేడా మూడు శాతం. పది శాతం దాటితే అనుమానించాలి. వేడి మీదే ఇంకోసారి చేసినా అంతే. ఒక సంగతి మాత్రం గుర్తుండాలి: నాలుగూ సమానంగా అరిగి ఉంటే ఈ పరీక్ష పట్టదు. కానీ మన ఫిర్యాదు మూడో నంబరొక్కటే.

మధ్యాహ్నం పన్నెండు లోపు ఓనరుకి ఫోన్ చేసి హెడ్ దించక్కర్లేదని చెప్పాను. "అయితే ఏటి మరి?" అన్నాడు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. ఇంజెక్టరు కరెంటు ఆకారం చూడాలంటే చిన్న క్లాంపు కావాలి, ఆంపియరుకి 10 మిల్లీవోల్టులిచ్చే 65 ఆంపియర్ల రకం. ₹6,900 పెట్టి ఆన్‌లైన్లో ఆర్డరు చేశాను. 16కి వస్తుందన్నది 19కి వచ్చింది. కార్తీకం కావడంతో చేపల బేరం ఎలాగూ చల్లగా ఉంది, అందుకే ఓనరు బండిని షెడ్డులోనే వదిలాడు. లేకపోతే ఈ వారం రోజుల ఎదురుచూపుకి ఎవరూ ఒప్పుకోరు.

ఖాళీగా ఉండకుండా 14న రిటర్న్ లీకేజీ (ఇంజెక్టరు నుంచి వెనక్కి పోయే డీజిల్) చూశాను. ఇంజెక్టర్ల నెత్తిన రిటర్న్ పైపులు తీసి, వాటి చోట మెడికల్ షాపులో కొన్న సెలైన్ పైపులు తగిలించి, కొలత గీతలున్న నాలుగు సీసాల్లోకి వదిలాను. బండి వైపు ఉండిపోయిన రిటర్న్ పైపు మూతిని బిగించి మూయడం మర్చిపోతే షెడ్డంతా డీజిలే. ఐడ్లింగులో మూడు నిమిషాలకి 14, 15, 16, 14 మిల్లీలీటర్లు. ఒక ఇంజెక్టరు లోపల అరిగి ఉంటే దాని సీసా మిగతావాటికి రెండింతలో మూడింతలో నిండేది. ఆ సెలైన్ పైపులు డీజిల్‌కి ఉబ్బిపోతాయి, ఒక్కసారికే పనికొస్తాయి.

ఇక్కడే ఒక మాట. కామన్ రైల్‌కి ముందు, ఇన్‌లైన్ పంపుల రోజుల్లో ఏ సిలిండరు మిస్సో తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ పైపు నట్టు లూజు చేసేవాళ్లు. మన వైపు పెద్ద మేస్త్రీలు కొందరు ఇంకా చేస్తున్నారు. కామన్ రైల్లో ఐడ్లింగులోనే 250, 300 బార్ ఉంటుంది. ఆ చిమ్మిన డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల వేలు పోయే పరిస్థితి.

19వ తేదీ మంగళవారం పదకొండింటికి క్లాంపు చేతికొచ్చింది. ఇంజెక్టరు దగ్గర రెండు తీగలూ మెలివేసి, టేపు చుట్టి ఉంటాయి. క్లాంపు దవడ పట్టాలంటే ఐదు సెంటీమీటర్ల టేపు విప్పి ఒక్క తీగని మాత్రమే లోపలికి తీసుకోవాలి. రెండూ కలిపి పడితే వెళ్లే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని తెర మీద సున్నా గీత. మొదటిసారి నేనూ అదే చేసి, క్లాంపు పాడైన సరుకేమో అనుకున్నాను. బాణం గుర్తు తిరగబడితే గుట్టలు తలకిందులుగా వస్తాయి, దాంతో నష్టం లేదు. ప్రతి ఐదు నిమిషాలకీ సున్నా బటన్ నొక్కాలి, ఇంజిన్ వేడికి క్లాంపు కొలత జరిగిపోతుంటుంది.

ముందు బాగున్న రెండో నంబర్ చూశాను, పోలికకి. సెకనుకి పది లక్షల శాంపిళ్లు, గడికి 500 మైక్రోసెకన్లు. మొదట పైలట్ (అసలు దానికి ముందు పడే చిన్న చిమ్ము): పావు మిల్లీసెకను లోపు ఒక్క ముల్లు, 19 ఆంపియర్ల దాకా లేచి పడిపోతుంది. కొద్ది మిల్లీసెకన్ల తర్వాత మెయిన్ (అసలు ఇంజెక్షన్): 0.1 మిల్లీసెకనులో నిట్టనిలువుగా 19 ఆంపియర్లు, అక్కణ్నుంచి దిగి 12 దగ్గర రంపం పళ్లలా ఎక్కుతూ దిగుతూ, 0.70 మిల్లీసెకన్లకి తెగిపోవడం. ఆ రంపం పళ్లు మంచి లక్షణం. కరెంటు కావలసిన దానికన్నా ఎక్కువ అందుతుంటే ఈసీఎం ఆపుతూ వదులుతూ 12 దగ్గర పట్టి ఉంచుతోందని అర్థం. ఈ పట్టి ఉంచే దశని హోల్డ్ అంటారు, మొదట లేచే ఎత్తుని పీక్.

మూడో నంబర్‌కి మార్చాను. మొదటి పది సైకిళ్లు అచ్చం రెండో నంబర్‌లాగే. తర్వాత ఒకటి మెలి తిరిగింది. లేచే గీత నిలువుగా కాకుండా కొండవాలులా వంగి 14, 15 దగ్గరే ఆగింది. హోల్డ్ 8 ఆంపియర్ల దగ్గర, పళ్లు లేకుండా నున్నటి గీత. పైలట్ అయితే బొటాబొటిగా 13. మెయిన్ నిడివి మాత్రం 0.84 మిల్లీసెకన్లు.

ఈ బొమ్మతో సగం పని అయిపోయింది. నిడివి పెరిగిందంటే ఈసీఎం ఎక్కువ డీజిల్ అడుగుతోంది, దాని ఆజ్ఞలో లోపం లేదు. పళ్లు లేని హోల్డ్ అంటే తలుపు పూర్తిగా తెరిచినా 12 ఆంపియర్లు రావడం లేదు. 13.8 వోల్టుల్ని 8తో భాగిస్తే 1.7 ఓమ్‌లు. బాగున్న సర్క్యూట్ మొత్తం కలిపినా 0.6 దాటదు. ఎక్కడో ఒక ఓమ్ పైచిలుకు అడ్డు వచ్చి, పోతోంది. పీక్ దశలో 70 వోల్టుల బూస్టు వెనక ఉంటుంది కాబట్టి ఆ అడ్డుని కొంతవరకు తోసేస్తుంది. హోల్డ్‌లో బ్యాటరీ వోల్టేజి ఒక్కటే ఆధారం, అక్కడ దాచడానికి వీలుండదు. అందుకే ఇలాంటి కేసుల్లో పీక్ కన్నా హోల్డ్ చూడాలి. పైలట్ టైము మరీ చిన్నది. కరెంటు ఆలస్యంగా లేస్తే సూది పైకి లేచేలోపే టైము అయిపోతుంది. పైలట్ పడకపోతే మెయిన్ ఒక్కసారిగా మండి టకటకమంటుంది. ఈ బండిలో వణుకుతో పాటు ఆ చప్పుడూ ఉంది, కారణం అదే.

ఈసీఎం డ్రైవరు పోయి ఉంటుందా? చాలా ఈసీఎంలలో ఇంజెక్టర్లు రెండేసి చొప్పున ఒక బ్యాంకు పంచుకుంటాయి. బ్యాంకు పోతే ఇంకొకటి కూడా ఏడవాలి. ఒకటి, నాలుగు కూడా చూశాను, శుభ్రం. ఇక ఎక్కువ అనుమానం మూడో నంబర్ సొంత తీగలు, కప్లరు మీదే.

ఫాల్ట్ కోడు ఎందుకు రాలేదన్నది తర్వాత అందరూ అడిగారు. తీగ పూర్తిగా తెగితేనో షార్టయితేనో కోడు రాస్తుంది. ఒక ఓమ్ అడ్డొచ్చి పోతుంటే ఈ బండి ఈసీఎం పట్టించుకోలేదు. మల్టీమీటరు? అదీ పెట్టాను. నాలుగూ 0.6 చూపించాయి, అందులో మీటరు తీగలదే 0.3. ఇంజిన్ ఆగి, చల్లారి, కదలిక లేనప్పుడు తెగిన పోగులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మీటరు పంపే చిటికెడు కరెంటుకి అది మంచి తీగే.

సాయంత్రం పెర్సిస్టెన్స్ మోడ్‌లో పెట్టాను, 200 సైకిళ్లు ఒకదాని మీద ఒకటి పడేలా. రెండో నంబర్ ఒక్క గీత. మూడో నంబర్ కోడి ఈకలా విచ్చుకుంది. ఆ తెర చూస్తూ, ఎండిన వెదురు పుల్లతో వైరింగుని అంగుళం అంగుళం కదిపాను. చేత్తో కదపకండి, ఫ్యాను ఒకటి, బూస్టు వోల్టేజి ఒకటి. కప్లరు దగ్గర కదిపితే మార్పు లేదు. కప్లరుకి నాలుగు సెంటీమీటర్ల వెనక, డీజిల్ రైలు పైపు కింద క్లిప్పు దగ్గర నొక్కగానే ఈక మూసుకుని గీతయింది. వదలగానే విచ్చుకుంది. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ అంతే.

20న బ్యాటరీ టెర్మినళ్లు తీసి, పది నిమిషాలు ఆగి, ఈసీఎం కప్లరు విప్పి, రెండు చివరలూ ఖాళీ అయ్యాక 55 వాట్ల హెడ్‌లైటు బల్బు పరీక్ష. 10 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా బ్యాటరీ, అనుమానమున్న తీగ, బల్బు, మళ్లీ బ్యాటరీ. టెర్మినల్లోకి దానికి సరిపోయే మగ పిన్నే పెట్టాలి. లావుది దూరిస్తే నోరు వెడల్పయి కొత్త మిస్సింగ్ పుడుతుంది. నాలుగున్నర ఆంపియర్లు పారేటప్పుడు బాగున్న తీగ చివరల మధ్య 0.08 వోల్టులు పడింది. అనుమానపు తీగ కూడా మొదట అంతే చూపించింది! వెదురు పుల్లతో ఆ చోటుని వంచగానే బల్బు మసకబారింది, 3 వోల్టుల పైన పడింది.

టేపు విప్పితే తీగ పైతొడుగు మీద సూది మొనంత రంధ్రం. చుట్టూ పచ్చటి మరక. టెస్ట్ లాంపు మొనతో గుచ్చిన గుర్తు అది, ఎప్పుడు ఎవరు గుచ్చారో ఆ దేవుడికే తెలియాలి. చేపల బండి కాబట్టి వాసన పోవడానికి వారానికి రెండుసార్లు వాటర్ సర్వీసింగ్, బానెట్టు ఎత్తి మరీ కొడతారు. ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగి, పైతొడుగు లోపల రాగి పచ్చబడి, పోగులు ఒక్కొక్కటే తెగాయి. వేడికి తొడుగు మెత్తబడి సాగినప్పుడు తెగిన కొసలు దూరమవుతున్నాయి. చల్లగా ఉంటే దగ్గరవుతున్నాయి. ఏడెక్కినాకే వణకడం ఇందుకే.

రంధ్రం దగ్గర కోసి అతికితే చాలదు. రాగి పాడవడం తొడుగు లోపల పాకుతూ పోతుంది. రాగి ఎర్రగా మెరిసే దాకా కోసుకుంటూ పోతే 11 సెంటీమీటర్లు పోయింది. కప్లరు వైపు మిగిలిన ముక్క చాలలేదు కాబట్టి తీగలతో సహా కొత్త కప్లరు కావాలి. శ్రీకాకుళంలో నాలుగు షాపులు తిరిగాను, ఒంటి కప్లరు లేదు, మొత్తం వైరింగు సెట్టు తెప్పిస్తామన్నారు. విశాఖ ఆటోనగర్‌కి ఫొటో పంపితే ₹480కి దొరికింది. సాయంత్రం ఆర్టీసీ కార్గోలో వేస్తే 21 ఉదయం కాంప్లెక్సులో తీసుకున్నాను, ₹70.

21న అతుకు. 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో తీగ, ఇంటి వైరింగు తీగ కాదు. అది వణుకుకి విరుగుతుంది. క్రింపు చేసి, పల్చగా సోల్డరు, దాని మీద లోపల జిగురున్న హీట్ స్లీవు. రెండు తీగల అతుకులూ ఒకదాని పక్కన ఒకటి రాకుండా మూడు సెంటీమీటర్ల ఎడం. వంపు దగ్గర అతుకు ఉండకూడదు. తీగల్ని ముందున్నట్టే మెలివేశాను, ఆ మెలిక అందానికి కాదు, పక్క సెన్సార్లలోకి నాయిస్ పోకుండా ఆపేది అదే.

ఇంకో పని మిగిలింది. పాత షెడ్డులో రెండు, మూడు ఇంజెక్టర్లు మార్చి పెట్టారుగానీ కోడ్లు రాయలేదు. ఈ ఇంజెక్టర్ల నెత్తిన ఏడు అక్షరాల కోడు ఉంటుంది, ఏ ఇంజెక్టరు ఎంత పోస్తుందో ఈసీఎంకి చెప్పేది అదే. డీజిల్‌తో మసి తుడిచి, టార్చి పక్కనుంచి పట్టి, ఫోన్‌తో ఫొటో తీసి చదివాను. 8కీ బీకీ తేడా తెలియక రెండుసార్లు రాయాల్సి వచ్చింది. రీకండిషన్ ఇంజెక్టరు ఇప్పుడు రెండో నంబర్లో ఉంది. దానికి బెంచి మీద కొత్త కోడు ఇవ్వలేదు, ఒంటి మీదున్న పాత కోడే రాశాను.

స్టార్టు చేసి 20 నిమిషాలు హైవే మీద తిప్పి తెచ్చాక కరెక్షన్లు: ఒకటి ప్లస్ 0.2, మూడు ప్లస్ 0.3, నాలుగు ప్లస్ 0.3, రెండు మైనస్ 0.8. ఆ మైనస్ 0.8 రీకండిషన్ సరుకు పాత కోడుతో బతుకుతున్నందుకు. దాంతో వణుకేమీ లేదు, వదిలేశాను. స్కోపు మీద మూడో నంబర్ 200 సైకిళ్లూ ఒకే గీత, హోల్డ్‌లో రంపం పళ్లు వచ్చాయి, మెయిన్ 0.71 మిల్లీసెకన్లు. ఇంజిన్ 85 డిగ్రీలు, ఐడ్లింగ్ 812 దగ్గర కదలకుండా నిలబడింది.

బిల్లు: పరీక్షలకి ₹3,000, వైరింగు పనికి ₹1,200, కోడ్లు రాసినందుకు ₹500, కప్లరు ₹480, కార్గో ₹70. మొత్తం ₹5,250. క్లాంపు ₹6,900 నా ఖాతా. ముందు పోసిన ₹9,500 ఇంజెక్టరు గురించి ఓనరు రెండుసార్లు అడిగాడు. పాతది ఎక్స్చేంజిలో ఇచ్చేశారు కాబట్టి వెనక్కి రాదు.

22న బండి ఇచ్చే ముందు మిగతా మూడు ఇంజెక్టర్ల తీగలు కూడా టేపు విప్పి చూశాను. ఒకటో నంబర్ తీగ మీద అలాంటిదే ఇంకో సూది రంధ్రం ఉంది. తొడుగు చీల్చి చూస్తే రాగి ఇంకా ఎర్రగానే ఉంది. ఆ చోటు ఎండబెట్టి, కప్లరు వైపు నుంచి పిన్ను తీసి, జిగురు స్లీవు ఎక్కించి మూసేశాను. వాటర్ సర్వీసింగ్ అప్పుడు బానెట్టు ఎత్తొద్దని డ్రైవరుకి చెప్పాను. "ఎత్తకపోతే వాసనెలా పోతాది బాబూ" అన్నాడు.